బౌట్సెన్‌లో పక్కదారి పట్టిన పక్కదాడి

నెపోలియన్ యుద్ధాలంటే పిచ్చి ఉన్నవాళ్లు ఎక్కువగా ఆయన ఘనవిజయం ఆస్టర్లిట్జ్ గురించే మాట్లాడతారు. నన్ను మాత్రం 1813 మే 20, 21 తేదీల్లో జర్మనీలోని సాక్సనీలో జరిగిన బౌట్సెన్ యుద్ధం వదలదు. నెపోలియన్ గెలిచాడు, కానీ ఆ గెలుపుతో చేతికొచ్చింది ఏమీ లేదు. మ్యాప్ ముందేసుకుని నీలం పెన్సిల్‌తో నెపోలియన్ సేనాని మార్షల్ నే (Ney) నడిచిన దారి గీస్తుంటే, ప్రైటిట్స్ అనే చిన్న ఊరి దగ్గర నాకు ఇప్పటికీ చిరాకొస్తుంది.

ప్లాన్ చాలా తేలిక. రష్యా, ప్రష్యా సేనలు స్ప్రీ నదికి తూర్పున గుట్టల మీద తిష్ట వేశాయి. నెపోలియన్ ఎదురుగా నిలబడి వాళ్లను కదలనివ్వకూడదు. దక్షిణాన కొండల్లో మరో ఫ్రెంచి మార్షల్ ఊదినో గట్టిగా హడావుడి చెయ్యాలి. ఈలోగా మార్షల్ నే ఉత్తరం నుంచి దిగి, శత్రువు కుడిపక్కను చుట్టేసి వెనక్కి చేరాలి. ఊదినో హడావుడి బ్రహ్మాండంగా పారింది. అసలు దాడి దక్షిణాన్నే అని నమ్మిన రష్యా చక్రవర్తి జార్ అలెగ్జాండర్ రిజర్వు సేనల్ని అటు తోలాడు. కుడిపక్క పలచబడింది. ఇంతకన్నా మంచి అవకాశం ఏ సేనానికి దొరుకుతుంది?

21 పొద్దున మార్షల్ నే క్లిక్స్ దగ్గర నది దాటి, జనరల్ బార్క్లే డి టోలి కింద ఉన్న రష్యన్లను గ్లైనా గుట్టల మీంచి వెనక్కి నెట్టాడు. 11 గంటలకల్లా ప్రైటిట్స్‌లో ఉండాలని ఆయనకు ఆర్డర్. ఆయన ముందుగానే ఆ దరిదాపుల్లోకి వచ్చేశాడు, వచ్చి ఆగాడు! ఆగ్నేయంగా హోక్‌కిర్క్ చర్చి గోపురం ఉంది (1758లో ఆస్ట్రియన్లు ప్రష్యా రాజు ఫ్రెడరిక్‌ను చావుదెబ్బ కొట్టిన ఊరే అది). ఊరినీ గుట్టనీ పట్టించుకోకుండా నేరుగా ఆ గోపురం వైపు నడవమని ఆయన స్టాఫ్ చీఫ్ జోమిని పోరాడంటారు. అక్కడికి చేరితే శత్రువు వెనక్కి పోయే రోడ్డు మూసుకుపోతుంది.

మార్షల్ నే వినలేదు. ప్రైటిట్స్‌ను పట్టుకున్నాడు, జనరల్ క్లైస్ట్ కింద ఉన్న ప్రష్యన్లు వచ్చి తరిమేశారు. మిగతా దళాలు వచ్చేదాకా చూసి, మధ్యాహ్నం మళ్లీ పట్టుకున్నాడు. అప్పుడైనా ముందుకు పోయాడా అంటే, లేదు. కుడివైపు క్రెక్విట్స్ గుట్టల మీద ప్రష్యా సేనాని బ్లూషర్ ఫిరంగులు కనపడేసరికి సేనను అటు తిప్పాడు. మూయాల్సిన తలుపును వదిలేసి గోడను గుద్దడం మొదలుపెట్టాడన్నమాట. సాయంత్రానికి బ్లూషర్ ఆ తలుపులోంచే జారుకున్నాడు. ఆయన వెంట మొత్తం రష్యా, ప్రష్యా మిత్రసేన తూర్పుకు వెళ్లిపోయింది.

తప్పంతా మార్షల్ నే మీదకు తోసెయ్యడం మామూలే. నేను ఒప్పుకోను. ఆర్డర్లో ఊరి పేరుంది, టైముంది. ఆ ఊరు దాటాక ఎక్కడిదాకా పోవాలి, ఎందుకు పోవాలి అన్నది ఆయన బుర్రకెక్కేలా ఎవరూ చెప్పినట్టు లేదు. తుపాకీ చప్పుడు వినపడితే అటే దూకే మనిషి ఆయన. 1812లో రష్యా మంచులోంచి వెనక్కి వస్తున్న సేనకు వెనకకాపు కాసి బయటపడింది ఆ తెగువతోనే. అలాంటివాణ్ణి ఎంచుకుని, అంత దూరపు ఆలోచన అవసరమైన పని అప్పగించింది నెపోలియనే కదా.

వెంటాడదామంటే గుర్రపుదళం లేదు, చాలావరకు 1812లో రష్యాలోనే పోయింది. ఫ్రెంచి నష్టం శత్రువు నష్టం కన్నా ఎక్కువ. జూన్ 4న ప్లేస్విట్స్‌లో తాత్కాలిక యుద్ధవిరమణ కుదిరింది. ఆ గడువు ముగిశాక ఆస్ట్రియా కూడా ఎదుటిపక్షంలో చేరింది.

జోమిని కూడా ఆ ఆగస్టులోనే రష్యన్ల వైపు దూకేశాడు. కాబట్టి ఆయన తన గురించి చెప్పుకునేవన్నీ నూటికి నూరుపాళ్లు నమ్మను. మ్యాప్ చూస్తే మాత్రం, హోక్‌కిర్క్ విషయంలో ఆయన మాటే సరైనదనిపిస్తుంది.