చలికాలం, సాలూరు ఘాటు, కోరాపుట్

డిసెంబరు వచ్చిందంటే మా విజయనగరంలో ఎవర్ని పలకరించినా అరకు మాటే. కాదంటే లంబసింగి, అదీ కాదంటే వంజంగి. అరకుని తప్పు పట్టను, మంచి చోటే, కానీ ఈ సీజన్లో శని, ఆదివారాలు అక్కడికెళ్తే మంచు కన్నా కార్లే ఎక్కువ కనిపిస్తాయి, రూముల రేట్లు అడక్కూడదు, బొంగులో చికెన్ కోసం నిలబడ్డ జనాన్ని చూస్తే సంక్రాంతి ముందు మూడు లాంతర్ల దగ్గర బట్టల షాపులు గుర్తొస్తాయి. అందుకే ఈసారి మేమిద్దరం రూటు మార్చి, సాలూరు ఘాటు రోడ్డు ఎక్కి ఒడిశా వైపు కోరాపుట్ వెళ్ళొచ్చాం.

"ఏటుంది వదినా అక్కడ చూడ్డానికి?" అంది మా ఆడపడుచు. ఏమీ లేదమ్మా, అందుకే వెళ్తున్నాం అన్నాను. వేళాకోళం అనుకుంది గానీ నిజంగానే అన్నాను. చూడాల్సినవి పది ఉన్న ఊరికెళ్తే పదీ చూసేదాకా మొగుడూ పెళ్ళాల మధ్య టైమ్ గురించి తప్ప వేరే మాటే ఉండదు. లే, తెములు, ఇంకా అక్కడికెళ్ళాలి, ఇక్కడ టికెట్ కౌంటర్ మూసేస్తారు. ఇంట్లో ఉండే పరుగే అక్కడా ఉంటే ఇంక డబ్బులు పెట్టి పోవడం దేనికి?

దారి తేలిక. గజపతినగరం, రామభద్రపురం, సాలూరు, ఆ పైన ఘాటు. రాయపూర్ నుంచి విశాఖ వైపు వచ్చే పాత హైవే ఇదే, ఒకప్పుడు 43 నంబరు, ఇప్పుడు 26. సాలూరు అంటేనే లారీలు, వాటి బాడీలు కట్టే షెడ్లు. ఇడ్లీ తిందామని ఆగితే హోటల్లో సగం మంది డ్రైవర్లే. వాళ్ళలో ఒకాయన మా కారు వైపు చూసి, "పొగమంచుంది బాబూ, ఏదైనా లారీ ఎనకాల పట్టుకుని ఎల్లిపోండి, దాటకండి" అని మా ఆయనకి చెప్పాడు. ఏ యాప్ చెప్తుంది ఇలాంటి సలహా?

పి.కోనవలస దాటి నాలుగు మలుపులు ఎక్కామో లేదో, రోడ్డు మాయమైపోయింది. తెలుపు కూడా కాదు, ఒకరకం బూడిద రంగు, దాంట్లో మా ముందు పోతున్న లారీ ఎర్ర లైట్లు రెండు. లారీ వెనక ఎవరో దిష్టికి కట్టిన పాత చెప్పు ఒకటి మలుపు తిరిగినప్పుడల్లా అటూ ఇటూ ఊగుతోంది. గంటసేపు నేను చూసిన ప్రకృతి అందాలన్నీ కలిపి ఆ చెప్పే. అద్దం మీద నీళ్ళు వాన పడ్డట్టు కారుతుంటే వైపర్ వేస్తూ, ఆపుతూ, "ఏవండీ హారన్ కొట్టండి" అని నేను, "కొడుతున్నా కదే, నువ్వు ఎడమవైపు చూడు" అని ఆయన. మామూలుగా ఆయన డ్రైవింగ్ చేస్తుంటే నేను ఫోన్ చూస్తుంటాను, పెళ్ళయ్యాక ఇద్దరం ఒకే పని మీద అంతసేపు మనసు పెట్టడం ఎప్పుడైనా జరిగిందా అంటే గుర్తు లేదు. ఒడిశా సరిహద్దులో ఉన్న సుంకి దగ్గరికొచ్చేసరికి ఎండ పొడిచింది. బోర్డుల మీద లిపి గుండ్రంగా మారిపోయింది, మాట మాత్రం మారలేదు. టీ కొట్టాయన తెలుగులోనే లెక్క చెప్పి, లోపలున్న కుర్రాణ్ణి ఒడియాలో కేకేశాడు.

వింతేమీ కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా కోరాపుట్, దాని పక్క ఊరు జయపురం, ఈ ఏజెన్సీ అంతా మద్రాసు ప్రెసిడెన్సీలో, మన విశాఖపట్నం జిల్లాలోనే ఉండేది. కోరాపుట్ జిల్లా పుట్టింది కూడా ఆ రోజే. మా ఆయన చదివిన ఆంధ్రా యూనివర్సిటీ సైన్స్ కాలేజీ పేరులో ఉండే విక్రమదేవ వర్మ ఈ జయపురం మహారాజే, యూనివర్సిటీకి అంతంత విరాళాలిచ్చినాయన. అక్కడ అన్నేళ్ళు చదివి, ఆ పేరు సర్టిఫికెట్ మీద పెట్టుకుని, జయపురం ఎక్కడుందో ఇప్పుడు చూశానన్నారు మా ఆయన. కొఠియా ఊళ్ళ గొడవ కూడా ఈ కొండల్లోదే, ఆంధ్రా మాదంటుంది, ఒడిశా మాదంటుంది. అదో పెద్ద కథ, ఇక్కడొద్దు.

కోరాపుట్ దాదాపు 870 మీటర్ల ఎత్తులో ఉంటుంది. వెయ్యి మీటర్లు ఎక్కితే ఆరు డిగ్రీల పైచిలుకు తగ్గుతుందని చిన్నప్పుడు చదువుకున్నదే గానీ, అది ఒంటికి తెలియడం వేరు. సాయంత్రం ఐదున్నర దాటాక చలి మెల్లగా రాదు, ఒక్కసారిగా దిగుతుంది. మేం దిగిన లాడ్జిలో గీజర్ ఉంది, పనిచెయ్యదు. అడిగితే కుర్రాడు సిగ్గుపడుతూ కట్టెల పొయ్యి మీద కాచిన నీళ్ళు బకెట్‌తో తెచ్చిచ్చాడు, పొగ వాసనతో. కొబ్బరినూనె 24 డిగ్రీల కిందకి వస్తే గడ్డకడుతుంది, మన ఇళ్ళల్లో కూడా ఈ నెలలో సీసా అడుగున తెల్లగా పేరుతుంది కదా, ఇక్కడ సీసా తలకిందులు చేసి కొట్టినా చుక్క రాలేదు. ఆఖరికి మా ఆయన దాన్ని చొక్కా లోపల పెట్టుకుని కూర్చుని కరిగించారు. నవ్వితే, "జడ నీదే కదా" అన్నారు.

రాత్రి ఎక్కడికీ పోలేదు. లాడ్జి ముందు వాచ్‌మన్ చలిమంట వేస్తే, రెండు దుప్పట్లు కప్పుకుని దాని పక్కనే కూర్చున్నాం. సిగ్నల్ వచ్చీ పోతోంది. చలికి మనుషులు దగ్గరగా కూర్చుంటారు, కూర్చున్నాక ఏదో ఒకటి మాట్లాడుకోవాలి. ఇంటి లోను, పెద్దవాడి టెన్త్ పరీక్షలు, వాళ్ళ నాన్నగారి కళ్ళ ఆపరేషన్, అన్నీ వచ్చాయి, కానీ ఒక్కటీ గొడవ దాకా పోలేదు. ఇంట్లో ఇదే లోను గురించి మాట్లాడితే ఐదు నిమిషాల్లో ఒకరు వంటింట్లోకి, ఒకరు బాల్కనీలోకి.

తెల్లవారుజామున దేవమాలి. ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తయిన కొండ, 1672 మీటర్లు, సెమిలిగుడ మీదుగా వెళ్ళాలి, దాదాపు పైదాకా రోడ్డుంది. పైన పెద్ద చెట్లు లేవు, గడ్డి, గాలి. ఆ గాలికి నా చున్నీ ఒకచోట ఉంటే ఒట్టు. కింద లోయలన్నీ మేఘాలతో నిండిపోయి, వాటిలోంచి చిన్న కొండల తలలు మాత్రం పైకి తేలి ఉన్నాయి. శీతాకాలం ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రుల్లో నేల త్వరగా చల్లబడుతుంది, ఆ చల్లగాలి బరువుగా ఉంటుంది కాబట్టి వాలు మీదుగా జారి లోయలో చేరుతుంది, అక్కడి తేమ మంచుగా మారుతుంది. అందుకే కింద వాడికి ఎదురుగా ఉన్న మనిషి కనపడని టైములో పైన వాడికి సూర్యోదయం. నిన్న ఘాట్లో మనం ఉన్నది ఇలాంటి దాని లోపలే కదూ అన్నాను. ఆయన చూస్తూనే ఉన్నారు, జవాబు చెప్పలేదు. కడుపులో ఏమీ లేకపోవడం వల్ల కావచ్చు.

దిగాక తిన్న తిండి గురించి మాత్రం రాయాలి. రోడ్డు పక్క బండి మీద వేడి పూరీలు, బఠాణీలతో చేసే ఘుగుని, పైన ఉల్లిపాయ ముక్కలు. ఇంకో చోట చోడంబలి, వాళ్ళు మండియా పేజ్ అంటారు, మనకన్నా పల్చగా చేస్తారు. కోరాపుట్ కాఫీ కూడా తాగాం, బాగుంది, అరకు కాఫీ కన్నా బాగుందా అని అడిగితే మాత్రం నేను విశాఖ జిల్లా ఆడపడుచుని, చెప్పను. జగన్నాథుడి గుడి, శబర శ్రీక్షేత్రం, ఊళ్ళోనే చిన్న గుట్ట మీద ఉంది, పక్కనే గిరిజన మ్యూజియం. రెండూ కలిపి పూటలో అయిపోతాయి. వెళ్ళాలనుకునేవాళ్ళు వీలైతే శుక్రవారమే బయల్దేరండి, సెమిలిగుడ దగ్గర కుందులిలో ఆ రోజు పెద్ద సంత, చుట్టుపక్కల కొండల వాళ్ళంతా అల్లం, కూరగాయలు దింపుతారు. మాకు శుక్రవారం సెలవు దొరకలేదు.

తిరుగు ప్రయాణం మధ్యాహ్నమే పెట్టుకోండి, చీకటి పడ్డాక ఆ ఘాట్లో లారీలతో పని పెట్టుకోవద్దు. సాలూరు దిగేసరికి స్వెట్టర్లు విప్పేశాం, రామభద్రపురం దగ్గర అద్దాలు దించేశాం. ఈసారి కారొద్దు, హిరాఖండ్ ఎక్స్‌ప్రెస్‌లో వెళ్దాం, రాయగడ దాటాక సొరంగాలు బాగుంటాయట అంటారు ఆయన. అది విజయనగరం వచ్చేది అర్ధరాత్రి దాటాక, ఆ చలిలో స్టేషన్లో ఎవరు కూర్చుంటారు, అంతకన్నా పగటి బండికి రాయగడ వెళ్ళి మజ్జిగౌరమ్మని చూసుకుని అక్కణ్ణుంచి బస్సు ఎక్కుదాం అంటాను నేను. ఇంకా తేలలేదు.