కప్ప పర్సు

"అక్కా, ఇది కప్పా, పర్సా?" అంటూ మా చెల్లి నా ఫోన్ లాక్కుంది.

రెండూనే. 1600ల తొలినాళ్లలో ఇంగ్లండ్‌లో చేసింది, ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లోని ఆష్మోలియన్ మ్యూజియంలో ఉంది. పట్టుదారం, లోహపు దారంతో కుట్టిన బుజ్జి కప్ప. ఎవరికొచ్చిందో ఆ ఆలోచన!

అక్కడితో ఆగుతానా? అదే కాలం నాటి స్వీట్ బ్యాగులు, అంటే సువాసన సంచులు, చూస్తూ కూర్చున్నా. అరచేతిలో పట్టేంత నలుచదరపు సంచులు. ఎండబెట్టిన పూలు, సుగంధద్రవ్యాలు వేసి బట్టల మధ్య పెట్టుకునేవాళ్లట. కానుకలు కూడా వీటిలో పెట్టి ఇచ్చేవాళ్లు. మొదటి ఎలిజబెత్ రాణికైతే కొత్త సంవత్సరానికి ఆస్థానంలోని పెద్దలు బంగారు నాణేలను కుట్టుపని చేసిన పర్సుల్లో పెట్టి సమర్పించుకునేవారు. చదివింపులు ఎక్కడైనా చదివింపులే.

అలాంటి ఒక సంచి ఫోటోని బాగా జూమ్ చేశా. కుట్ల అడుగునున్న నార గుడ్డ ఎక్కడా కనిపించదు. పూలు, తీగలన్నీ ఏటవాలుగా వేసిన చిన్న చిన్న కుట్లు, వాటి వెనకంతా వెండి దారం. పట్టుదారం చుట్టూ సన్నని వెండి రేకు చుడతారు, మన జరీ లాగే. కొన్నిచోట్ల ఆ రేకు నల్లబడింది. నాకు మాత్రం ఆ నలుపే నచ్చింది, కొత్తగా మెరుస్తుంటే ఇంతసేపు చూసేదాన్ని కాదేమో.

18వ శతాబ్దానికి ఆడవాళ్ల జేబులు విడిగా ఉండేవి. నాడాతో నడుముకు కట్టుకుని, పైన గౌను వేసుకునేవాళ్లు. లోపల దాగుండే ఆ జేబుల మీద కూడా పూలూ తీగలూ కుట్టేవాళ్లు!

నా కుర్తీలకేమో అసలు జేబే పెట్టరు.