నరవ నుంచి షీలానగర్ దాకా గెడ్డ వెంట

మా మేనకోడలు ఆంధ్రా యూనివర్సిటీలో ఎన్విరాన్‌మెంటల్ ఇంజనీరింగ్ చదువుతోంది. దాని ప్రాజెక్టు పుణ్యమా అని విశాఖ నరవలోని మురుగునీటి శుద్ధి కేంద్రం చూసే అవకాశం నాకూ దొరికింది. పొద్దున్నే ఎన్ఏడీ జంక్షన్, గోపాలపట్నం మీదుగా బయల్దేరాం.

కంపంతా మొదట్లోనే. నీళ్లు వచ్చి పడేచోట ఇనుప జాలీలకు షాంపూ ప్యాకెట్లు, డైపర్లు, జుట్టు ముద్దలు చిక్కుకుని ఉన్నాయి. అవి దాటి గాలి కొట్టే ట్యాంకు దగ్గరకు వెళ్లేసరికి మాత్రం తడి మట్టి వాసన. నీళ్లు గోధుమరంగులో కుతకుతా పొంగుతున్నాయి.

"పని చేసేది మేం కాదు బాబూ, ఇందులో ఉన్న బ్యాక్టీరియా. గాలి ఆగితే అవి చచ్చిపోతాయి. కరెంటు పోయిందంటే మాకు టెన్షనే" అన్నాడు ఆపరేటర్. లీటరు గాజు జాడీతో ఆ నీళ్లు ముంచి గట్టు మీద పెట్టాడు. "అరగంట ఆగండి, మీకే తెలుస్తాది."

నేను అక్కడే కూర్చున్నాను. కాసేపటికి బురద విరిగిన పాలలా ముద్దకట్టి కిందికి దిగసాగింది. అరగంట అయ్యేసరికి జాడీలో పైభాగమంతా తేటనీరు. అవతల పట్టుకున్న నా వేళ్లు కనిపించాయి. మురికిని తిన్న బ్యాక్టీరియాయే అలా బరువెక్కి అడుగుకు చేరుతుందట. ఈ పరీక్ష రోజూ చేస్తారు. సరిగా దిగకపోతే ట్యాంకులో ఏదో తేడా జరిగినట్టే.

"ఇదంతా గాలి లెక్క మావయ్యా" అంటూ మేనకోడలు వివరించింది. మన ఎండలకు లీటరు నీటిలో కరిగి ఉండగలిగే ఆక్సిజన్ ఏడెనిమిది మిల్లీగ్రాములే. ఇళ్ల నుంచి వచ్చే లీటరు మురుగును సూక్ష్మజీవులు అయిదు రోజులు తింటే దాదాపు 200 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఖర్చవుతుంది. అంటే శుద్ధి చేయని మురుగు గెడ్డలో, అంటే వాగులో, పడితే చేపలు పీల్చాల్సిన ప్రాణవాయువును అదే లాగేస్తుంది. శుద్ధయిన నీటిలో ఆ 200 పదికి మించకూడదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లో చెప్పింది.

తిరుగు దారిలో షీలానగర్ దగ్గర హైవే వంతెన పక్కన కారు ఆపాం. కింద మేఘాద్రిగెడ్డ. కొండల మీంచి వచ్చే వాన నీటిని పైన రిజర్వాయర్ తాగునీటికి ఆపుకుంటుంది. ఎండాకాలం గేట్లు వేసి ఉంటే దిగువ గెడ్డలో పారేది ఏమిటి? మనం వాడి వదిలేసిన నీళ్లే. కలిసి పలచబడటానికి వేరే నీళ్లు లేవు. ఈ సంగతి నన్ను చాలా కలవరపెట్టింది. ఈ గెడ్డా, నరవ గెడ్డా రెండూ చేరేది మన ఓడరేవు లోపలికే. మనం శుద్ధి చేసి వదిలితే శుభ్రమైన గెడ్డ, చేయకపోతే మురుగు కాలువ. మధ్యేమార్గం లేదు.

నీళ్లు నల్లగా ఉన్నాయి. గుర్రపుడెక్క ఒడ్డు దాకా అల్లుకుంది. మురుగులోని నత్రజని, భాస్వరమే దానికి ఎరువు. గాలం వేసుకుని కూర్చున్న పెద్దాయన్ని ఏం పడుతున్నాయని అడిగాను.

"జిలేబీలే బాబూ. మా చిన్నప్పుడు పండుగప్ప ఎదురెక్కి వచ్చీది. రొయ్య ఉండీది. ఇప్పుడేటున్నాయి?"

జిలేబీ చేప తక్కువ ఆక్సిజన్‌కీ తట్టుకుంటుంది. అందుకే అది మిగిలింది. మేనకోడలు సీసాలో నీళ్లు పట్టుకుని మూత బిగించి, తలెత్తి, "మన అపార్ట్‌మెంట్ పైపు ఎక్కడ కలుస్తుంది మావయ్యా?" అని అడిగింది.

ఇంటికి రాగానే వాచ్‌మన్‌ని తీసుకుని వెనక్కి వెళ్లి చూశాను. పైపు యూజీడీ (భూగర్భ డ్రైనేజీ) లైనులోకి వెళ్లడం లేదు, రోడ్డు పక్క వాన కాలువలోకి వెళుతోంది. అంటే మా నీళ్లు నరవ ప్లాంటు మొహమే చూడవు. యూజీడీ కనెక్షన్ విషయం ఈ నెల మీటింగ్‌లో మొదట పెట్టమని అసోసియేషన్ సెక్రటరీ గారికి అప్పుడే ఫోన్ చేశాను.