పాత మారుతీతో జయపురం దాకా

సాలూరులో కాఫీ తాగుతుంటే ఒక లారీ డ్రైవరు మా కారు చుట్టూ ఒకసారి తిరిగి, "దీంతోనే ఘాటీ ఎక్కుతారా సార్?" అని అడిగాడు. అందులో వెటకారమేమీ లేదు. సాలూరు లారీల ఊరు. ఇంజను చప్పుడు విని జబ్బు పేరు చెప్పేవాళ్లు అక్కడ వీధికి నలుగురుంటారు. మా బండి 1985 నాటి మారుతీ 800. పేరు మనదైనా పుట్టుక జపానుది: సుజుకీ రూపొందించిన మూడు సిలిండర్ల 796 సీసీ ఇంజను, నాలుగు గేర్లు, చేత్తో లాగే చోకు, పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు అందించే, కంప్యూటర్ ఊసే ఎరగని కార్బురేటరు.

ఒడిశాలోని జయపురంలో బావగారి చెల్లెలి ఇంటి గృహప్రవేశం. అరకు మీదుగా రైలుంది, బస్సులున్నాయి. అక్క ఆ మాటే అంది. బావగారు మాత్రం "కొండ ఎక్కనిది కారెలా అవుతుంది?" అంటూ నా పక్షాన నిలబడ్డారు. స్వీట్ల డబ్బాలతో, పట్టుచీరల సంచితో అక్క వెనక సీట్లో సర్దుకుంది.

సాలూరు సముద్రమట్టానికి వంద మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంటే, కోరాపుట్ 870 మీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. ఆ తేడా అంతా బండి మోయాల్సిందే. సుంకి వైపు ఎక్కుతుండగా ఇంజను కుదుపులిచ్చింది, యాక్సిలరేటరు తొక్కుతున్నా నీరసించి ఆగిపోయింది. ఐదు నిమిషాలాగి తాళం తిప్పితే ఏమీ జరగనట్టు స్టార్టయింది. ఇంకొన్ని మలుపులు తిరిగాక మళ్లీ అదే వరస.

"వేపర్ లాక్" అని బావగారు తేల్చేశారు. ఇంజను వేడికి పెట్రోలు గొట్టంలోనే ఆవిరై, పంపు ద్రవానికి బదులు బుడగలను లాగడం అన్నమాట. అక్క తువ్వాలు తీసుకుని, తడిపి పంపు మీద కప్పారు. బండి స్టార్టయింది. ఆయన ముఖం వెలిగిపోయింది. నాకు మాత్రం నమ్మకం కుదరలేదు. మార్గశిర మాసపు పొద్దు, లోయ నిండా పొగమంచు, అద్దాలు దించితే పళ్లు కొట్టుకుంటున్నాయి. పైగా ఈ కారులో మిగులు పెట్రోలును, ఆవిరిని ట్యాంకుకు తిప్పి పంపే రిటర్న్ పైపు ఉంది. తడిగుడ్డ వైద్యంతో చిక్కేమిటంటే, గుడ్డ వెతికి, తడిపి, కప్పేలోగా ఎలాగూ ఐదు నిమిషాలు గడుస్తాయి. ఘనత గుడ్డకు దక్కుతుంది.

పక్కన ఆగిన ప్రతివాళ్లూ కార్బురేటరు విప్పమన్నారు. పాత కారు ఆగితే మొదటి నింద దానికే. కానీ విప్పకుండానే లోపలి సంగతి చెప్పే ఏర్పాటు దానిలోనే ఉంది. పెట్రోలు నిలవుండే చిన్న తొట్టికి, అంటే ఫ్లోట్ చాంబరుకు, ఒక పక్కన చిన్న గాజు కిటికీ, దాని నడుమ ఒక గుర్తు. పెట్రోలు మట్టం ఆ గుర్తు దగ్గర ఉండాలి. పైకి పోతే పెట్రోలు రాకను ఆపే నీడిల్ వాల్వు అరిగిందో, అందులో నలుసు ఇరుక్కుందో అనుకోవాలి, ప్లగ్గులు మసిబారతాయి. కిందికి దిగితే పెట్రోలు చాలినంత రావడం లేదు. బండి మళ్లీ ఆగగానే ఫోను వెలుగులో చూశాం. కిటికీలో ఏమీ లేదు. పెట్రోలు చిమ్మే సన్నని రంధ్రాలను, అంటే జెట్లను, శంకించాల్సిన పని లేదు, లోపం పెట్రోలు వచ్చే దారిలో ఉంది. ట్యాంకు మూత తిప్పాను. బుస్సుమని గాలి లోపలికి పోతే మూతలోని రంధ్రం పూడిపోయిందని అర్థం. ఆ చప్పుడూ రాలేదు.

ఆగుతూ సాగుతూ పొట్టంగి దాటాం. ఒడిశాలోకెల్లా ఎత్తైన దేవమాలి, 1,672 మీటర్ల కొండ, మంచు విడిచి కనబడిందట. తీరిగ్గా చూసింది అక్క ఒక్కతే.

సెమిలిగుడలో దొరికిన మేస్త్రి తెలుగువాడు. తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చారట. తండ్రి పక్కనే సునాబేడలో మిగ్ విమానాల ఇంజన్లు తయారుచేసే కర్మాగారంలో పనిచేసి రిటైరయ్యారు. మాతో తెలుగు, పక్క షెడ్డువాళ్లతో ఒడియా, స్పానర్లు అందించే కుర్రాడితో ఆ ప్రాంతపు మాట దేశియా. బానెట్ ఎత్తే ముందు ఆయన ప్రశ్నలు మొదలుపెట్టాడు.

"పొద్దున్నే సెల్ఫ్ ఎక్కువసేపు కొట్టాల్సి వస్తోందా బాబూ?"

"అవును, ఈ మధ్య."

"సాలూరు దాకా ఎలా వచ్చింది?"

"అరవైలో హాయిగా వచ్చింది మేస్త్రి గారూ."

"అయితే కార్బురేటరు జోలికి పోను."

ముందు చక్రాలను ర్యాంపు ఎక్కించి, కారు ముక్కు ఘాటీలో ఉన్నట్టే పైకి ఉండేలా నిలబెట్టాడు. ఇంజను రేస్ చేస్తే కిటికీలో మట్టం కళ్లముందే జారిపోయింది. తర్వాత బీడీ కాలుస్తున్న మనిషిని షెడ్డు దాటించి, ఇసుక బక్కెట్ దగ్గర పెట్టుకుని, పంపుకు ట్యాంకు వైపు నుంచి వచ్చే గొట్టం పీకి, సెలైన్ ఎక్కించినట్టు ఒక పెట్రోలు సీసాకు కలిపాడు. ఇది ఇంటి దగ్గర ఎవరూ చేయవలసిన పని కాదు. ఈసారి ఎంత రేస్ చేసినా మట్టం కదల్లేదు. పంపు మంచిదే, కార్బురేటరూ మంచిదే. జబ్బు పంపుకూ ట్యాంకుకూ మధ్య ఉంది.

వెనక ట్యాంకు దగ్గరి రబ్బరు గొట్టం విప్పి వంచి చూపించాడు. క్లిప్పు కింద వెంట్రుకంత పగుళ్లు. ఆ గొట్టం ట్యాంకు పైభాగం నుంచి వస్తుంది కాబట్టి పెట్రోలు కారదు, వాసన రాదు. పంపు లాగినప్పుడు మాత్రం గాలి చొరబడుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు ట్యాంకు కిందికీ పంపు పైకీ పోతాయి, పంపు మరింత గట్టిగా లాగాలి, మరింత గాలి దూరుతుంది. రాత్రంతా బండి నిలబడితే గొట్టంలోని పెట్రోలు ట్యాంకులోకి జారిపోతుంది, పొద్దున్నే సెల్ఫ్ అందుకే అంతసేపు. మూడు లక్షణాలకూ మూలం ఒకటే. మనకు 2023లో మొదలైన ఇరవై శాతం ఇథనాల్ పెట్రోలును తట్టుకునేలా ఆనాటి రబ్బరును తయారుచేయలేదు. పంపులోని పల్చటి పొర, డయాఫ్రమ్, మీదా కన్నేసి ఉంచమన్నాడు.

తన దగ్గరున్న మామూలు గొట్టం ముక్క వేసి, జయపురంలో మంచిది కొని మార్చమన్నాడు. కోరాపుట్‌లో ఐడిలింగ్ కాస్త బరువుగా అనిపించింది. ఆ ఎత్తులో గాలి పలచన, పెట్రోలు పాలు ఎక్కువవుతుంది. కార్బురేటరులో ఆ పాలును సరిచేసే స్క్రూ తిప్పుదామని నా చెయ్యి స్క్రూ డ్రైవరు మీదికి పోయింది గానీ, మేస్త్రి ముందే హెచ్చరించాడు: ఇథనాల్ మిశ్రమాన్ని పలచన చేస్తుంది, ఎత్తు చిక్కన చేస్తుంది, రెండూ కొంత సరిపోతాయి, కొండ దిగేవాళ్లు స్క్రూ ముట్టుకోకూడదు.

జయపురంలో తెలుగు వినడానికి చెవులు రిక్కించనక్కర్లేదు. 1936లో ఒడిశా ఏర్పడేదాకా ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలోదే. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలిచ్చిన విక్రమదేవ వర్మ ఏలిన సంస్థానం ఇది. విడిభాగాల దుకాణంలో నేను నోరు తెరవకముందే "ఇథనాల్‌కు ఆగేదా, మామూలుదా?" అని తెలుగులోనే అడిగారు. గొట్టం మీద ఎస్ఏఈ జె30 ఆర్9 అన్న అచ్చు, అంటే ఇథనాల్‌కు ఆగే రకపు గుర్తు, చూసి, రిటర్న్ పైపుకు కూడా కలిపి కోయించాను. రబ్బరును కోసేసే పళ్ల క్లిప్పులు వద్దని, అంచు నున్నగా ఉన్నవి తీసుకున్నాను.

కొత్త ఇంటి వాకిట్లో, మామిడి తోరణాల కింద, ఆ మార్పిడి జరిగింది. బావగారి చెల్లెలు పెట్రోలు వాసనకు కాస్త గొణిగింది. తిరుగు ప్రయాణంలో కోరాపుట్ ఘాటీ ఎక్కడా ఆగకుండా ఎక్కాం. ఇంకా ట్యాంకు దించాలి. ఇథనాల్ పాత తుప్పునూ జిగటనూ కదిలించి లోపలి జల్లెడకు పట్టిస్తుంది, అది మూసుకుంటే ఇదే నాటకం మళ్లీ మొదలవుతుంది. విజయనగరం చేరాక ఒక ఆదివారం పెట్టుకుందామన్నాను. బావగారికి ఆ ఆదివారం తీరిక లేదట.