శనివారం, ట్యాక్స్ టేబుల్ దగ్గర

ఐదున్నరకే లేచి ఇడ్లీలు పెట్టి, పాప స్విమ్మింగ్ బ్యాగు సర్దేసి, తొమ్మిదింటికల్లా కాలేజీకి చేరాను. శనివారం ఈయన ఇంట్లో ఉంటారు కాబట్టి కుదురుతోంది.

నాకిప్పుడు 43. గుంటూరులో బీకాం అయ్యాక పెళ్లి, ఆ తర్వాత అమెరికాలోని ఇర్వింగ్. హెచ్4 మీద, అంటే హెచ్1బీ ఉద్యోగి భార్యగా వచ్చిన వీసా మీద, చదువుకోవచ్చు గానీ ఉద్యోగం చేయకూడదు. 2015లో హెచ్4 వాళ్లలో కొందరికి ఉద్యోగ అనుమతి (ఈఏడీ) ఇచ్చే రూలు వచ్చినా, ఈయన గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసిన ఐ-140 పిటిషన్ అప్రూవ్ అయ్యేదాకా మాకు వర్తించలేదు. అలా పదమూడేళ్లు. ఇప్పుడు పొద్దున కమ్యూనిటీ కాలేజీలో అకౌంటింగ్ క్లాసులు, సాయంత్రం కిరాణా స్టోర్‌లో కౌంటర్.

ఇంటర్న్‌షిప్ కోసం తిరిగినప్పుడు కనబడినవన్నీ సోమవారం నుంచి శుక్రవారం దాకా, తొమ్మిది నుంచి ఐదు, అందులో కొన్నింటికి జీతమే లేదు. ఒకచోట ఆ పదమూడేళ్లూ ఏం చేశారని అడిగారు, చెప్పాను. మూడింటికి పాపని స్కూల్ నుంచి తెచ్చుకోవాలన్నాక మళ్లీ ఫోన్ రాలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. జీతం లేని ఇంటర్న్‌షిప్ సరైనదేనా అని చూడ్డానికి లేబర్ డిపార్ట్‌మెంట్ 2018లో ఏడు అంశాలు చెప్పింది, అందులో కాలేజీ క్యాలెండర్‌కి సర్దుకుంటున్నారా అన్నదీ ఒకటి. మరి ఇంట్లో పిల్లలున్న విద్యార్థి టైమింగ్స్ ఎవరు చూడాలి? నా క్లాసులో సగంమంది నాలాంటి వాళ్లే.

మా మేడమే దారి చూపించారు. అమెరికా పన్నుల శాఖ ఐఆర్ఎస్ వాళ్ల వీటా అనే వాలంటీర్ కార్యక్రమంలో జనాలకి ఉచితంగా ట్యాక్స్ రిటర్న్‌లు చేసిపెడితే ఆ గంటలు ఇంటర్న్‌షిప్ కింద లెక్కేస్తామన్నారు. 80 శాతం వస్తేనే పాస్ అయ్యే పరీక్ష జనవరిలో రాసేశాను.

ఇవాళ వచ్చిన పెద్దాయన రెండుచోట్ల పనిచేస్తారు, రెండు డబ్ల్యూ-2లు, అంటే ఏడాది జీతం, అందులో కోసిన పన్ను రాసి యజమాని ఇచ్చే కాగితాలు. ఒకటి నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నట్టున్నారు, సరిగ్గా మడత పడినచోట, కోసిన ఫెడరల్ ఆదాయపు పన్ను రాసే బాక్స్ 2లో, వందల స్థానంలో అంకె చెరిగిపోయింది. ఒకటా ఏడా తెలియట్లేదు. ఒకటికీ ఏడుకీ ఆరువందల డాలర్ల తేడా. మా నాన్న మిర్చి యార్డులో కమీషన్ కొట్టు గుమాస్తా. కాటా చీటీలో అంకె అలుక్కుపోతే రెండో చీటీ చూడకుండా పద్దు రాసేవారు కాదు, చిన్నప్పుడు పక్కన కూర్చుని నేనే చదివి వినిపించేదాన్ని. డిసెంబర్ ఆఖరి పే స్టబ్, అంటే ఏడాది మొత్తం లెక్క ఉండే జీతం చీటీ, ఉందా అని అడిగాను. కవర్లోంచి తీశారు. ఆ అంకె ఏడు కాదు, ఒకటే.

రెండోసారి చెక్ చేసే ఆవిడ అన్నీ సరిచూసి, బాగా పట్టుకున్నావు అన్నారు. గొంతు పట్టేసింది, ఏం మాట్లాడలేకపోయాను. పెద్దాయన, రిటర్న్ ఆన్‌లైన్‌లో పంపడానికి ఒప్పుకుంటూ ఇచ్చే 8879 ఫారం మీద నెమ్మదిగా, పూర్తి పేరుతో సంతకం చేశారు.

ఒంటిగంటకి షీట్‌లో రాశాను: ఇవాళ 4 గంటలు, మొత్తం 36. ఐదింటికి స్టోర్‌లో షిఫ్ట్, ఈలోపు పాపకి అన్నం పెట్టాలి.