చిక్కం

ఈరోజు నాన్నకి రేడియేషన్ రెండో సిట్టింగ్. పొద్దున్న నాలుగున్నరకే లేచి కూర్చున్నాడు. డెక్సా అనే స్టెరాయిడ్ మాత్రలు మొదలైనప్పటి నుంచి నిద్ర లేదు, ఆకలి మాత్రం విపరీతం. మెదడులో వాపు తగ్గడానికి ఇస్తున్నారవి. నిన్న షుగర్ 300 దాటింది. ఆరిడ్లీలు తిని "ఇంకేమన్నా ఉందా?" అన్నాడు. అమ్మ గిన్నె మీద మూత పెట్టేసి అవతలికి వెళ్ళిపోయింది.

మొదలైంది అరికాలి మీద నల్లమచ్చతో. చెప్పుల్లేకుండా చేలో తిరిగే మనిషి, ఏ ముల్లో గుచ్చుకుందనుకున్నాం. ఊళ్ళో డాక్టరు ఆనెకాయ అని రెండుసార్లు కోశాడు. మెలనోమా అనే ఈ చర్మ కేన్సర్ ఎండకి తెల్లవాళ్ళకి వచ్చే జబ్బనే నేనూ అనుకునేదాన్ని. మనవాళ్ళకి అరుదే గానీ, వస్తే ఎక్కువగా ఎండ తగలని అరికాల్లోనో గోటికిందో వస్తుందట. ఆ సంగతి తెలిసేసరికి ఏడాది పోయింది. ఇప్పుడది మెదడుకి పాకి అక్కడ మూడు మచ్చలు, పెద్దది శనగగింజంత.

రేడియేషన్ ఆ మచ్చల మీదే పడాలి, పక్కకి పోకూడదు. అందుకే మాస్కు. వేడినీళ్ళలో మెత్తబడ్డ ప్లాస్టిక్ వలని మొహం మీద పరిచి అదుముతారు, చల్లారి గట్టిపడ్డాక దాన్ని బల్లకి బిగిస్తే తల కదలదు. మొదటిరోజు అది చూడగానే నాన్న "ఇది చిక్కం కదే!" అన్నాడు. టెక్నీషియన్ కుర్రాడికి అర్థం కాలేదు. "కుప్పనూర్చేటప్పుడు ఎద్దు గడ్డి మేయకుండా మూతికి కడతాం బాబూ. నాకు ఆకలెక్కువైందని మీకెవరు చెప్పారు?"

లోపల అరగంట, బయట రెండు గంటల ఎదురుచూపు. తమ్ముడు వాట్సాప్‌లో మళ్ళీ అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంగతే పంపాడు. 2015లో, 90 ఏళ్ళ వయసులో మెలనోమా మెదడుకి పాకితే రేడియేషన్, కీట్రూడా అనే కేన్సర్ మందు తీసుకుని 2024 దాకా, నూరేళ్ళూ నిండేదాకా బతికాడని. నిజమే. కానీ ఆయన మచ్చలు రెండేసి మిల్లీమీటర్లు. ఆ మాటే టైప్ చేసి, చెరిపేసి, దండం బొమ్మ పెట్టాను. మనది ఎలా ఉందో రెండు మూడు నెలల తర్వాత ఎమ్మారైలో గానీ తెలియదు.

నాన్న నుదుటి మీద వల గళ్ళతో బయటికొచ్చాడు. కళ్ళు క్యాంటీన్ వైపే. షుగర్ సంగతి తెలిసీ ఒక్క గారె కొనిపెట్టాను. లిఫ్ట్ పక్కన నిలబడి, గోడవైపు తిరిగి తిన్నాడు. "మీ అమ్మకి చెప్పకు."

ఇంటికొచ్చేసరికి గళ్ళు చెరిగిపోయాయి. అమ్మ తలుపు తీసి ఆయన చొక్కా వంక చూసింది.

"ఈ చట్నీ ఎక్కడిది?"

నాన్న నావైపు చూశాడు.