బొటనవేలికి సెలవు

ఈ రోజు ఎముకల డాక్టరుకు చేయి చూపించుకుని వచ్చాను. మనవరాలు బరువెక్కే కొద్దీ కుడి మణికట్టులో, బొటనవేలి వైపు, సలుపు పెరుగుతూ వచ్చింది. ఇప్పుడు సీసా మూత తిప్పాలన్నా, తడిబట్ట పిండాలన్నా ప్రాణం పోతోంది. "బెణికి ఉంటుంది వదినా, నూనె రాసి గట్టిగా రుద్దించుకోండి" అని పక్కింటి ఆవిడ సలహా. ఆవిడ దగ్గర ఏ నొప్పికైనా నూనే మందు.

డాక్టరు నా బొటనవేలిని గుప్పిట్లో మూయించి, మణికట్టును చిటికెనవేలి వైపు వంచమన్నారు. వంచగానే కేక పెట్టాను. "ఇంట్లో పసిపిల్ల ఉందా?" అని అడిగారు. సోది చెప్పించుకున్నట్టే అనిపించింది. 1895లో దీన్ని వివరించిన స్విట్జర్లాండు సర్జన్ డి కెర్వైన్ పేరే ఈ జబ్బుకు పెట్టారట. బొటనవేలిని చాపే రెండు టెండన్లు, అంటే కండరాన్ని ఎముకకు కలిపే తాళ్లు, మణికట్టు దగ్గర ఒకే ఇరుకు గొట్టంలోంచి వెళతాయి. దాని గోడ మందమైతే వేలు కదిలిన ప్రతిసారీ ఒరిపిడే. పిల్ల చంకల కింద చేతులు పెట్టి, బొటనవేళ్లు చాచి పైకెత్తుతామే, ఆ టెండన్లకు పడనిది సరిగ్గా ఆ పనే. బాలింతల్లో ఎక్కువట. మా ఇంట్లో పిల్లను ఎత్తేది, కాళ్లమీద పడుకోబెట్టి స్నానం పోసేది నేను కాబట్టి నా వంతు వచ్చింది.

బొటనవేలిని, మణికట్టును కదలనివ్వని స్ప్లింట్ కొన్ని వారాలు వేసుకోవాలి. ఐసు పెట్టుకోవాలి. తగ్గకపోతే స్టెరాయిడ్ ఇంజక్షన్. చాలామందికి దానితోనే తగ్గుతుందట, కానీ నాకు షుగరు ఉంది, కొద్ది రోజులు అది పెరుగుతుంది, జాగ్రత్తగా చూసుకోవాలన్నారు. సూది వేసిన చోట చర్మం తెల్లబడవచ్చు కూడా. అప్పటికీ లొంగకపోతే ఆ చోటు వరకే మత్తిచ్చి, గొట్టం పైకప్పు కోసి టెండన్లకు చోటిచ్చే చిన్న ఆపరేషన్. అంతదూరం రాకూడదని మొక్కుకున్నాను.

"చేతికి విశ్రాంతి ఇవ్వండి" అని చివర్లో చాలా తేలిగ్గా అనేశారు. పసిపిల్ల ఉన్న ఇంట్లో ఏ చేతికి విశ్రాంతి? మందుల చీటీలో రాయనిది ఫిజియోథెరపీ అమ్మాయి నేర్పింది: చంకలు పట్టి లేపకుండా, ఒక అరచేయి పిరుదుల కింద, ఇంకొకటి తల కింద పెట్టి, బొటనవేలిని చాపకుండా, బరువు ముంజేతుల మీద పడేలా ఎత్తడం. మా అమ్మాయికి కూడా ఇంటికి రాగానే చూపించాను, తనకూ ఈ బాధ రాకముందే. ఫోనులో బొటనవేలితో రాయడం కూడా తగ్గించమన్నారు. మా చెల్లెలితో కబుర్లు ఇక నోటితోనే.

స్ప్లింట్ తడవకూడదు, అందువల్ల స్నానం అల్లుడికి అప్పగించాం. సబ్బు నురగలో పిల్ల జారిపోతుందేమోనని పాపం నాకంటే ఎక్కువగా చెమటలు పట్టించుకున్నాడు, కానీ బాగానే పోశాడు. వాళ్ల అబ్బాయి చేత స్నానం పోయిస్తున్నామన్న సంగతి వియ్యపురాలికి ఫోనులో ఎవరు చెప్పాలన్నది మాత్రం ఇంకా తేలలేదు.